వెనక గూటి పుంజు

కంటి ఆపరేషన్ చేయించుకుని నాలుగో రోజు ఇంటికొచ్చిన దర్జీ చెప్పులైనా విప్పకుండా నేరుగా కోళ్ల షెడ్డులోకి నడిచాడు. కుడికంటికి కట్టు. ఎడమకంటితో ఒక్కో గూడూ చూసుకుంటూ చివరిదాకా వెళ్లి ఆగిపోయాడు. గూడు ఖాళీ.

"వాడేడీ?"

"ఎవడు నాన్నా?" గింజల డబ్బాతో కూతురు వచ్చింది. "ఆ మాసిపోయిన పుంజా? రొమ్మంతా తుప్పు మరకలు. కోళ్ల అందాల పోటీకి పనికొచ్చేదా పాడా! వాచీల బాబాయింటికి చుట్టాలొచ్చారట, కూరకి ఇచ్చేశా."

దర్జీ గూటి తలుపు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎంతసేపైంది?"

"గంట."

"పద!"

"పరుగెత్తొద్దన్నారు డాక్టరు!"

"ఆయనకేం తల్లీ, ఆయనకి కోళ్లున్నాయా?"

పన్నెండేళ్లుగా దాచింది దారిలో చెప్పేశాడు. పోటీలో నిలబడే పుంజుకి రొమ్ము బొగ్గులా నల్లగా ఉండాలి. పెట్టకేమో ప్రతి ఈక మీదా మూడేసి సన్నటి గీతలుండాలి. ఆ రెండూ ఒకే జంటకి పుట్టవు. నల్లరొమ్ము పుంజుతో జత కడితే పెట్టపిల్లల గీతలు చెదిరిపోతాయి. గీతలు తీరుగా రావాలంటే తండ్రి రొమ్ము మీద ఆ తుప్పు ఉండాల్సిందే.

"అంటే మన కప్పులు గెలిచిన పెట్టలన్నీ..."

"వాడి తండ్రి బిడ్డలో, వాడి బిడ్డలో. వాడి కొడుకులు పోయినేడు తెగులుకి పోయారు. వీడూ పోతే ఇంకోణ్ణి తీసేంత ఆయుష్షు నాకుందా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదని."

"చెప్పుంటే వాడు గూట్లోనే ఉండేవాడు."

దర్జీకి ఇంకో భయం పట్టుకుంది. వాచీలు బాగుచేసే ఆ స్నేహితుడు పదేళ్లుగా పెట్టల పోటీలో ఓడిపోతూనే ఉన్నాడు. మాసిన పుంజు కోసం కంటికట్టుతో పరుగెత్తుకొస్తే, ఎందుకో కనిపెట్టేయడూ?

"నేను చూసుకుంటాలే," అంది కూతురు.

పెరట్లో నీళ్లు మరుగుతున్నాయి. వాచీలాయన చంకలో పుంజు, చేతిలో కత్తి. పుంజు ఇంకా మెడ తిప్పి చూస్తోంది.

"బాబాయ్, ఆగు! దానికి నిన్న మందు పట్టాం. మర్చిపోయా. తింటే ప్రమాదం. ఇటిచ్చెయ్, వేరేది తెస్తా."

"అయ్యో, మంచిపని చేశావమ్మా చెప్పి!" వాచీలాయన పుంజుని నేలకి అదిమాడు. "మందు తిన్నదాన్ని మళ్లీ మోసుకెళ్లడమెందుకు? ఇక్కడే కోసి పూడ్చేస్తా."

కత్తి లేచింది.

"వద్దురా!" దర్జీ కేకకి నాలుగిళ్లు ఉలిక్కిపడ్డాయి. "వాడు నా పెట్టల తండ్రిరా!"

కత్తి గాల్లోనే ఆగిపోయింది. దర్జీ దాచుకోకుండా మొత్తం చెప్పాడు. వాచీలాయన కత్తి పక్కన పెట్టి, జేబులోంచి భూతద్దం తీసి పుంజు రొమ్ము ఈకలు ఒక్కొక్కటే విప్పి చూశాడు.

"పదేళ్లు," అన్నాడు చివరికి. "కప్పు కొట్టిన పుంజుని వెతికి మరీ జతకట్టా. పుట్టిన పెట్టలన్నీ మసి పూసినట్టే. నా చెయ్యి మంచిది కాదనుకున్నాన్రా. మీ చెల్లెమ్మ కూడా అదే అనేది."

"గెలుస్తావని భయపడ్డానురా."

"చెప్పుంటే ఓడిపోయినా నవ్వుకునేవాణ్ణి." పుంజుని దర్జీ చేతుల్లో పెట్టాడు. "తీసుకెళ్లు. ఇంకెవరికీ చెప్పన్లే."

దర్జీ పుంజుని గుండెకి హత్తుకున్నాడు. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"నీ పెట్టలేవీ?"

ఒంటికన్నుతో గూళ్లన్నీ వెతికాడు. వెన్ను పొట్టిగా, ఛాతీ గుండ్రంగా ఉన్న రెండు పెట్టల్ని ఏరాడు. "నీకు దేహం కుదిరింది, రంగే కుదర్లేదు. వీడు పదిహేను రోజులు ఇక్కడే ఉంటాడు."

వాచీలాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నాన్నా, చుట్టాలింకా ఇంట్లోనే ఉన్నారు," గుర్తుచేసింది కూతురు. నేల మీది కత్తి తీసుకుని చీరకొంగు చుట్టింది. "బాబాయ్, ఈ పదిహేను రోజులూ ఇది మా ఇంట్లో ఉంటుంది."