పైడిరాజు ఎడమకాలి బూటు

నేను ఒక ఎడమకాలి బూటును. జలంధరులో తయారై విశాఖపట్నంలో అమ్ముడుపోయాను. కుడికాలికి నా జత ఉండేది గాని, కష్టమంతా నాదే. కుడిచేతి ఫాస్ట్ బౌలరు బంతి వదిలేటప్పుడు ఒంటి బరువంతా పడేది ఎడమకాలి మీద.

నన్ను కొన్న పైడిరాజుది విజయనగరం. రైల్వేలో ఉద్యోగమని పేరే గాని, చేసేదల్లా బౌలింగ్. కొన్న రోజే బ్లేడుతో నా ముందుభాగం కోసి, బొటనవేలు పట్టేంత కన్నం చేశాడు. కొత్త బూటుకి ఇదేం మర్యాద అనుకున్నాను. కాలు గట్టిగా మోపినప్పుడు వేలు లోపల గుద్దుకుని గోరు ఊడుతుందట. ఆ కన్నంతోనే రంజీల్లో ఇద్దరం రాణించాం. పేరు అతనికి, మట్టి నాకు.

ఇండియా జట్టుకు మనుషుల్ని ఎంచేవాళ్లు మ్యాచ్ చూడ్డానికి వస్తున్నారని ఒకసారి కబురొచ్చింది. అతని భార్య గౌరికి అప్పటికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. అంత పెద్దవాళ్ల ముందు మొగుడు చిరిగిన బూటుతో తిరగడమా అని బెంగపడి, ముందురోజు అతనికి చెప్పకుండా నన్ను చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, కన్నానికి మందపాటి తోలు వేయించింది. పాలిష్ కూడా పట్టించింది. నేనంత అందంగా ఎన్నడూ లేను.

పొద్దున్న బౌండరీ పక్కన సంచి తెరిచి, నన్ను చూసి పైడిరాజు కొయ్యబారిపోయాడు. బ్లేడు తీశాడు. అంతలో స్టాండులోంచి గౌరి, "బూటు బాగుందా?" అని కేకేసింది.

"బాగుంది" అని బ్లేడు సంచిలో పడేశాడు.

మొదటి ఓవర్లోనే గోరు కదిలింది. భోజనాల వేళకి మేజోడు రక్తంతో నాకు అంటుకుపోయింది. వేగం పోయింది, బంతులు పొట్టిగా పడ్డాయి, కొట్టినవాడికి కొట్టినన్ని పరుగులు. ఇండియా జట్టు నుంచి పిలుపు ఎన్నటికీ రాలేదు.

సెలెక్టర్లే తొక్కేశారని ఊరు జాలిపడింది. పైడిరాజు కాదనలేదు. గౌరి అయితే వచ్చిన ప్రతి చుట్టం ముందూ వాళ్లని దులిపేసేది. అతను ఆట మానేశాక నన్ను కప్పుల పక్కన అద్దాల బీరువాలో పెట్టారు. అక్కడే ఏళ్లు గడిచాయి.

మొన్న టీవీలో ఒక బౌలరు బూటుకున్న కన్నం చూపించి, అదెందుకో వివరంగా చెప్పారు. గౌరి టీవీని చూసింది, నన్ను చూసింది.

"నాకు సెప్పనేదేటి?"

"ఎలా సెప్పమంతావు? అంత ముచ్చటపడి కుట్టించినావు."

మర్నాడు గౌరి తమ్ముడు సింహాద్రి వచ్చి, కప్పులు చూస్తూ మామూలుగానే అన్నాడు, "ఆ సెలెక్టర్లు నిన్ను ముంచేసినారు బావా."

"ఆలనేటీ అనకురా" అంది గౌరి. "ఆవేళ నానే..."

"ఆవేళ నా బౌలింగే బాగోనేదురా" అన్నాడు పైడిరాజు.

ఇన్నేళ్లలో అతని నోట ఆ మాట వినడం అదే మొదలు. అది అబద్ధమని నాకు తెలుసు. సింహాద్రి నమ్మేశాడు. గౌరి కళ్లొత్తుకుని, తమ్ముడికి అన్నం పెట్టడానికి లేచింది.