పొద్దున్నే ఒక టెస్ట్ పేజీ

రేపు ఉషారాణి పదకొండో రోజు. దండ వేయడానికి ఫొటో ఇంకా కాలేదు.

అల్లూరులో ఏ ఇంట్లో మనిషి పోయినా ఫొటో నా స్టూడియో నుంచే వెళుతుంది. అలాంటి నా దగ్గర నా పెళ్లాం ఫొటో ఒక్కటే ఉంది. అదీ కస్టమర్లు రాకముందు లైటు సరిచూసుకోవడానికి స్టూలు మీద కూర్చోబెట్టి తీసింది. చెప్పుకోడానికే సిగ్గుగా ఉంది.

వెనక కర్టెన్ నీలం మొహం మీద పడిందని బ్లాక్ అండ్ వైట్ చేశాను. మొహమూ కర్టెనూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. కాంట్రాస్ట్ పెంచి, వెనక భాగం నలుపుకు దించి, కళ్లు తేల్చాను. కంప్యూటర్‌లో బాగానే ఉంది. ప్రింటులో మాత్రం నుదుటి నుంచి గడ్డం దాకా అడ్డంగా తెల్ల చారలు. స్పీడు తగ్గించాను, పేపరు మార్చాను. చారలు సన్నబడ్డాయే గానీ పోలేదు.

మధ్యాహ్నం ఉష అక్క వెంకటశేషమ్మ బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చింది. ప్రింటు చేతిలోకి తీసుకుంది.

"ఏంది అబ్బయ్యా, నా చెల్లెలు కిటికీ చువ్వల వెనకాల కూర్చోనున్నట్టుందే."

"ప్రింటర్ పాడైంది వదినా."

"పాడవక ఏమవద్ది? పొద్దున్నే నేను ఫోన్ చేస్తే, 'ఉండక్కా, మిషనుకు కాయితం తినిపించొస్తా' అనేది. ఈ పది దినాలు ఎవురు తినిపించినారు?"

వాడకుండా ఉంచితే ప్రింటర్ సన్న రంధ్రాల్లో ఇంకు ఎండిపోతుందని ఉష రోజూ గీతలతో ఒక టెస్ట్ పేజీ తీసేది. ఇంకు తగలేస్తున్నావని రోజూ సణిగేవాణ్ణి. ఆమె బదులు చెప్పకుండా ఆ కాగితం వెనక సరుకులు రాసి నా జేబులో పెట్టేది.

కొక్కేనికున్న చొక్కా జేబు వెతికాను. చివరిది దొరికింది. ఒకవైపు ఎక్కడా తెగని గీతలు. రెండోవైపు: చింతపండు, అగ్గిపెట్టె, మీ బీపీ మాత్రలు. అవేవీ నేను తేలేదు.

ప్రింటర్ రంధ్రాలు కడిగే హెడ్ క్లీనింగ్ పెట్టి, ఎండిన ఇంకు నానడానికి గంట ఆగి, మళ్లీ పెట్టాను. మూడోసారికి టెస్ట్ పేజీలో గీతలు అతుక్కున్నాయి. తర్వాత తీసిన ఫొటోలో ఒక్క చార లేదు. జుట్టు నల్లగా, ముక్కుపుడక తెల్లగా తేలింది. "ఇప్పుడు మా ఉషే" అని వదిన దాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఆమె ముందే ఏడ్చేశాను.

కర్మ అయింది. వదిన వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున స్టూడియో ఊడ్వకముందే టెస్ట్ పేజీ తీశాను. గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాగితం వెనక్కి తిప్పి పెన్ను పట్టుకున్నాను.

ఇంట్లో ఏం అయిపోయాయో నాకు తెలియదు.