గరిటె పట్టిన సర్వీసు

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఆ వేసవిలో కువైట్ నగరంలో బ్నీద్ అల్ గార్ పేటలోని ఒక పాత మేడ కడప జిల్లా మనుషులతో కిక్కిరిసింది. బస్రా, బాగ్దాద్‌ల మీదుగా జోర్డాన్ చేర్చే బస్సు ఒక్కటే దొరికింది. ఎక్కవలసినవాళ్లు అందులో పట్టేవాళ్లకు రెట్టింపు. మరొకటి వస్తుందో రాదో చెప్పగలవారు లేరు.

"బలమున్నోడు ఎక్కితే, లేనోళ్లు ఈడనే మిగిలిపోతారు," అన్నది బషీరా బీ. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట వంట చేసే రాయచోటి మనిషి. "రెండో పెద్ద యుద్ధంలో మా నాయన ఇంగ్లీషోళ్ల దండుతో బస్రాలో ఉన్న్యాడు. యుద్ధం అయిపోయినాక అందరూ ఒకేసారి ఇంటికి పోతామంటే ఓడలు యాడ చాలుతాయి? వయసూ సర్వీసూ చూసి, పెద్దోళ్లను ముందు పంపినారంట. మనమూ అట్లే చేద్దాం. కువైట్‌కు ముందొచ్చినోళ్లు ముందు పోవాల."

అర్దియా గోదాముల్లో పనిచేసే మగవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. పాతకాపులం తామేనని వాళ్ల నమ్మకం. వాళ్ల పెద్ద నాగేంద్రప్రసాద్ ఎవరు ఏ ఏడు వచ్చారో ఒక్కొక్కరినీ అడిగి వరుసలో నిలబెట్టాడు. తీరా చూస్తే ముందంతా ఆడవాళ్లే. అందులో వింతేమీ లేదు. ఆ కడప ఊళ్లలో చాలా ఇళ్ల నుంచి ముందు గడప దాటింది ఆడమనిషే. ఆమె 'మామా' అని పిలిచే యజమానురాలిని బతిమాలి వీసా సంపాదించాకే మొగుడు విమానమెక్కాడు.

నాగేంద్రప్రసాద్ నవ్వాడు. "ఇండ్లల్లో గిన్నెలు తోమేది కూడా సర్వీసేనా అక్కా?"

వరుస మొదట్లో బషీరా బీ వెనకే ఉన్న అంకాలమ్మ తలదించుకుని వెనక్కు జరగబోయింది. బషీరా బీ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"మా నాయన తుపాకి పట్టలేదు ప్రసాదన్నా. దండుకు రొట్టెలు కాల్చినాడు. అయినా ఆయన సర్వీసు ఏండ్లను ఎవురూ తక్కువజేయల్యా. తుపాకోళ్ల పక్కనే నిలబడి ఓడెక్కినాడు. నిన్నటినుంచీ నువ్వు తింటాండేది ఎవురు వండింది?"

"వంటోళ్లతో పెట్టుకోవద్దన్నా, ఉప్పు ఎక్కువైతాది!" వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నాగేంద్రప్రసాద్ కూడా నవ్వక తప్పలేదు.

"సరే తల్లీ, లెక్కంటే లెక్కే. మరి మీ ఆయన?"

హుస్సేన్ వలి వరుస చివర ఉన్నాడు. అతన్ని డ్రైవరు పనికి పిలిపించుకున్నది బషీరా బీయే, తాను వచ్చిన చాలా ఏళ్లకు. ఇప్పుడు భర్త కోసం తాను ఆగితే, ఇంకొకరు ఇంకొకరి కోసం ఆగుతారు, వరుస చెదిరిపోతుంది, చివరికి బలమున్నవాడే ఎక్కుతాడు. అది ఆమెకు స్పష్టంగా తెలుసు. అయినా బస్సు మెట్టు దగ్గర ఆగి వెనక్కు చూసింది.

హుస్సేన్ వలి అక్కడి నుంచే గొంతెత్తాడు. "ఎక్కు బషీరా! ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. నాకేం గాదు. నువ్వాగితే మీ నాయన లెక్క చెడతాది."

"నీకు బస్సు రాకపోతే?"

"కువైట్‌కు పిలిపిచ్చుకుంటివి. ఇంటికి పిలిపిచ్చుకోల్యావా?"

ఆమె కళ్లు తుడుచుకుని మెట్టెక్కింది. ఆమె వెనక అంకాలమ్మ, ఆ వెనక బస్సులో పట్టినంతమంది. ఎవరూ ఎవరినీ తోయలేదు.

సరిహద్దు దాటి బస్రా చేరువయ్యాక ఖర్జూరపు తోటలు కనిపించాయి. "మీ నాయన ఓడకు కాచుకున్న్యది ఈడనేనా అక్కా?" అని అడిగింది అంకాలమ్మ.

"ఈడనే. ఆయన వంతు వచ్చేదాకా." బషీరా బీ కొంగు తలమీదికి లాక్కుని, సీటులో నిటారుగా కూర్చుంది.