దారా, దారమా

తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఒత్తులు నాకింకా పూర్తిగా లొంగలేదు, చెయ్యి కూడా నిదానం. జుట్టు నెరిశాక దిద్దిన అక్షరాలు మరి.

ఆవిడ మిషను ముందు కూర్చుని చొక్కా కాలరు తిరగేసి కుడుతుంటే గిటారు మరిది గుమ్మంలోకి వచ్చాడు. సొంత మరిది కాదు. చనిపోయిన భర్తతో కలిసి కుర్రతనంలో బ్యాండు పెట్టిన స్నేహితుడు. అప్పట్లో భర్త డ్రమ్స్ వాయించేవాడు. పెళ్లయిన ఏడాదే బ్యాండు ఊళ్లు తిరగడానికి బయలుదేరితే, ఆయన ఒక్కడూ ఆగిపోయి బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేరాడు.

మరిది చంకలో రికార్డు, చేతిలో పాత ప్లేయరు.

"ఏంటి మరిదీ, జుట్టంతా ఎక్కడ పారేసుకొచ్చావ్?"

"గాలికి పోయింది వదినా. మన పాట దొరికింది, విందాం."

"దారం పాటా! రోజూ ఆయన గడ్డం గీసుకుంటూ అదేగా పాడేవారు. 'వదిలేసిన దారం...' ఆ ఒక్క ముక్కే."

మరిది పగలబడి నవ్వాడు. "దారమేంటి వదినా! దారి. 'వదిలేసిన దారి, పిలుస్తోంది మరోసారి.' ఒక దారి ఎంచుకున్నాక రెండోది జీవితాంతం పిలుస్తూనే ఉంటుందని రాశాం. మూతి మీద మీసం కూడా సరిగ్గా లేదు, మాకేం తెలుసని రాశామో!"

ఆవిడ నవ్వలేదు. మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. దారి అయితే, ఆయన వదిలేసింది ఆ బ్యాండునే. ఇన్నేళ్లూ అద్దం ముందు నిలబడి దాన్నే తలుచుకున్నారా? పెళ్లాం బాధపడుతుందని, తను దారం అన్నా దిద్దకుండా ఊరుకున్నారా?

"వెయ్యి," అంది.

ముల్లు గరగరలాడింది. ముందుగా ఒక కుర్రాడి గొంతు: "ఒకటి, రెండు, మూడు..."

ఆయనే. దగ్గూ, షెడ్డు పొగా తగలని గొంతు. వెంటనే డ్రమ్స్. బల్ల మీది గుండీల డబ్బా సన్నగా అదిరింది. కంచం కింద పెట్టినా చప్పుడు చెయ్యని మనిషి, ఆకాశం విరిగిపడ్డట్టు వాయిస్తున్నాడు. ఈయనతోనా తను కాపురం చేసింది!

పల్లవి వచ్చింది. గొంతులన్నీ కలిసి దారి అన్నాయి. ఆవిడ తల దించుకుంది. చరణం అయ్యాక మళ్లీ పల్లవి. ఈసారి ఆ గొంతుల అడుగున ఒకటి వేరుపడింది.

"అక్కడ... అక్కడేమన్నారు?"

మరిది నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, మర్చేపోయా! మీ ఆయనే. రికార్డింగు రోజు మధ్యాహ్నం అన్నానికని నీ దగ్గరికి వెళ్లి, పాట నీకు వినిపించి వచ్చి, దారం అని పాడాడు. ప్రాస చెడగొట్టావు కదరా అని కొట్టినంత పని చేశాం. 'మా ఆవిడకి అలా వినబడింది, అదే బాగుంది' అంటాడు! మళ్లీ పాడించడానికి టేపు లేదు."

ఆవిడ చెయ్యెత్తి మాట్లాడొద్దంది. అందరూ దారి అంటున్నారు, ఒక్కడు దారం అంటున్నాడు. ఆ దారి పిలవకపోలేదు. పిలుస్తుంటే వింటూనే ఆయన ఈ మాట పాడాడు.

చివర్లో పాట సన్నబడింది. డ్రమ్స్ ఆగలేదు, దూరం వెళ్తున్నాయంతే. ఆవిడ కుర్చీ జరుపుకుని, ప్లేయరు మీదకి వంగి, ఊపిరి బిగబట్టింది. గరగర తప్ప ఇంకేమీ వినబడనంత దూరం వెళ్లేదాకా ఆ కుర్రాడు వాయిస్తూనే ఉన్నాడు.

— కళ్లద్దాల పెద్దమ్మ, డెబ్బై ఒక్కేళ్లు. ఇప్పుడు ఉండేది చిన్నకూతురి ఇంట్లో, మెట్ల పక్క గది.