పౌడర్ గిన్నె

వెంకట సాయి పిడికిలి విప్పి చూసుకునేసరికి తెల్లటి పౌడర్ కింద అరచేయంతా ఉడికిపోయి, తోలు పొరలుగా లేస్తోంది.

మాచర్ల కబడ్డీ క్యాంపులో అది ఆఖరి వారం. ఉన్న కుర్రాళ్లలో సగం మందికే జిల్లా జట్టులో చోటు. అందుకే అక్కడ ఎవడి కంచం వాడిది, ఎవడి సబ్బు వాడిది. మాచవరం నుంచి ఆలస్యంగా వచ్చి చేరిన సాయితో మాట కలిపింది సుభానీ ఒక్కడే. పిడుగురాళ్ల సున్నపు బట్టీ కూలీ కొడుకు. కోర్టులో ఇద్దరూ చేతులు కలిపి రెయిడర్‌ను చుట్టేసే జంట. ఆ పట్టులో ఒకడి చేయి జారితే రెండోవాడి పళ్లు రాలతాయి. వాళ్ల స్నేహం అక్కడే మొదలైంది.

ఎవరో నీళ్ల బకెట్ ఎత్తారు.

"ఆగండ్రా! అది సున్నం. ముందు పొడిగుడ్డతో దులపాల!"

సుభానీ తీగ మీది తువ్వాలు లాగి, పొడి పూర్తిగా దులిపాకే సాయిని కుళాయి కిందకు ఈడ్చుకెళ్లాడు.

పట్టు జారకుండా అందరూ చేతులకు రాసుకునే పౌడర్ గిన్నెను కెప్టెన్ యోగేశ్ ఎత్తి చూశాడు. "సున్నమని నీకెట్టా తెలుసురా, బట్టీ ఎదవా?"

"మా నాయన చేతులు చూసి పెరిగినోణ్ణి అన్నా."

"కలిపింది నువ్వే. జంటలో పేరంతా వాడికొస్తందని కడుపు మండిందా?"

యోగేశ్ మోకాలు సుభానీ పొట్టలో దిగింది. వంగినవాడి మీద మిగతావాళ్లు పడ్డారు. కోచ్ గోపాలకృష్ణయ్య విజిల్ ఊదుతూ వచ్చి విడదీసేసరికి సుభానీ ముక్కు పగిలి, బనియన్ నెత్తుటితో తడిసింది.

"పెట్టె సర్దుకోరా" అన్నాడు కోచ్ సుభానీతో, అంతా విని. "ఇంటికి పో."

యోగేశ్ సాయి భుజం మీద చేయి వేశాడు. "పీడ పోయింది తమ్ముడూ. కట్టు కట్టిచ్చుకో. ఇక నా పక్కన ఆడుదువు. జట్టులో నీ చోటు నేను చూసుకుంటా."

సాయి ఆ చేతిని తీసి తిప్పి చూశాడు. అరచేతి నిండా ఎర్రమట్టి. తెల్లటి పొడి ఆనవాలే లేదు.

ఆ క్యాంపులో కెప్టెన్ ముట్టుకోందే ఎవడూ గిన్నెలో చేయి పెట్టకూడదు. కానీ ఆ సాయంత్రం ఆట మొదలుపెట్టే ముందు "కొత్తోడివి, ముందు నువ్వు తీసుకో" అని యోగేశే గిన్నె చాపాడు. ఇన్నాళ్లకు తననూ కలుపుకున్నారని సాయి పొంగిపోయాడు.

"అన్నా, ఇయ్యాల నువ్వు మట్టి పూసుకున్నావేంది?"

"నా ఇష్టం."

"అయితే ఇప్పుడు పెట్టు, గిన్నెలో చేయి."

యోగేశ్ వెనక్కి తగ్గాడు. సాయి దూకి చీలమండ పట్టాడు. ఇద్దరూ నేల మీద పడ్డారు. యోగేశ్ మోచేతి దెబ్బకు సాయి పెదవి చీలింది. కాలిన అరచేతిని మడమతో తొక్కి నలిపాడు యోగేశ్. సాయి గావుకేక పెట్టాడు కానీ పట్టు వదల్లేదు.

అప్పుడు వెనక నుంచి ఒక చేయి వచ్చి సాయి మణికట్టు పట్టుకుంది. సుభానీ. ముక్కులోంచి ఇంకా నెత్తురు కారుతూనే ఉంది. రోజూ రెయిడర్‌ను చుట్టేసినట్టే ఇద్దరూ యోగేశ్‌ను చుట్టేసి, చెమట కారే అతని చేతిని గిన్నె దాకా లాగారు. ఆపమని కోచ్ కూడా అనలేదు.

"వద్దురా! నేనే... నేనే కలిపా! గోడలకు వెల్లెయ్యాలని తెచ్చిన సున్నం గడ్డలు దంచి కలిపా. సున్నమంటే అందరూ ఈ సుభానీగాణ్ణే అనుకుంటారు, గెంటేస్తారనే కలిపా. మూడేళ్లుగా అందరూ నన్ను అన్నా అన్నా అంటారు, భయంతో. సార్ చెప్తే తప్ప నా చేయి పట్టుకున్నోడు లేడు. నువ్వు వచ్చీ రాంగానే ఈడితో ఒకే కంచంలో తిన్నావు. ఈడు పోతే నా పక్కకొస్తావనుకున్నా సాయీ. ఇంత కాలుద్దని తెలవదురా!"