ఎడమ చేతిలో లేని చప్పుడు

నేను ఒక బీపీ మిషన్ని. ఇప్పుడొచ్చే బ్యాటరీ బొమ్మల్లాంటిదాన్ని కాదు. గాజుగొట్టం, లోపల పాదరసం, చేతికి చుట్టే పట్టీ, పిసికే రబ్బరు బుడ్డీ ఉన్న పాతకాలపు ఘటాన్ని. ఒక మిలిటరీ డాక్టరు వెంట ఊళ్లన్నీ తిరిగి, చివరికి నరసాపురంలో ఆయన మేనకోడలు డాక్టర్ విశాలాక్షి బల్ల మీదికి చేరాను. మనుషుల సంగతి నాకు బాగా తెలుసు. బీపీ తక్కువ చూపిస్తే నేను మంచిదాన్ని, ఎక్కువ చూపిస్తే నాకే పిచ్చి పట్టినట్టు!

ఆ రోజు లేసులల్లే సుగుణ, తన తల్లి కరుణమ్మతో వచ్చింది. పట్టుమని పాతికేళ్లు లేవు. అల్లిక పట్టుకుంటే కాసేపటికే ఎడమ చెయ్యి పీకేస్తోందట, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయట.

"పని ఎక్కువైపోయిందండి, అంతే," అంది తల్లి.

నర్సు జయప్రద అలవాటుగా ఎడమ చేతికే పట్టీ కట్టి బుడ్డీ పిసికింది. పైకెక్కిన పాదరసం మెల్లగా దిగింది. నర్సు స్టెతస్కోపులో చెవులొగ్గి వింది. చప్పుడు లేదు. మళ్లీ కట్టింది, మళ్లీ అంతే. బతికున్న మనిషి చేతిలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను.

"ఇది ముసల్దయిపోయింది. ఇంక పాతసామాన్లోకే," అని నర్సు నా నెత్తిన ఒక్కటిచ్చింది.

కరుణమ్మ ముఖం విప్పారింది. "చూశావా, మిషను పాడయ్యిందంట! నీకేం లేదే. లే, పోదాం."

సుగుణ లేవలేదు. పట్టీ కింద ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది. "నాకు భయమేస్తందండి. ఈ చేతికి కట్టి చూడండి," అని కుడి చెయ్యి చాపింది.

ఆ మాట విని డాక్టరమ్మ వచ్చి తనే కట్టింది. రెండొందల పది దగ్గరే చప్పుడు దబదబా మొదలైంది. ఆవిడ గబుక్కున ఎడమ మణికట్టు పట్టుకుని నాడి కోసం వెతికింది. దొరకలేదు. మెడ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది.

"గుండె నుంచి వెళ్లే పెద్ద రక్తనాళాలు వాచి సన్నబడినట్టున్నాయమ్మా. చాలా అరుదైన జబ్బు, వయసులో ఉన్న ఆడపిల్లలకే ఎక్కువగా వస్తుంది. మందులున్నాయి. కానీ ఈ బీపీతో పక్షవాతం రావచ్చు, చూపూ పోవచ్చు. ఇవాళే పెద్దాసుపత్రికి బయల్దేరండి."

"చూపు పోద్దాండీ?" అంది సుగుణ.

"వెంటనే వెళ్తే పోకుండా చూస్తారు."

కరుణమ్మ నా మీద పడింది. "అదేంటండీ, మిషను పాడయ్యిందన్నారుగా! పాడయ్యిందనే చెప్పండమ్మా!" నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నేను పాడైపోయి ఉంటే బాగుండుననిపించింది. ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, తన చెయ్యి బల్ల మీద పెట్టింది. "నాకు కట్టండి. తప్పు చూపిస్తది, చూడండి."

డాక్టరమ్మ కాదనలేక కట్టింది. పాదరసం ఎక్కింది, దిగింది.

"నూట ఇరవై, ఎనభై. మీకు బాగానే ఉందమ్మా."

ఆ మాట విని బావురుమన్న మనిషిని నేను చూడటం అదే మొదలు.