పేరు రాయని కాగితం

హోటళ్లలో పనిచేసేవాళ్లను ఎలా చూసుకుంటే మానకుండా ఉంటారన్నది శ్రీలేఖ పరిశోధన. అందుకోసం నరసరావుపేటలో పిన్ని మహాలక్ష్మమ్మ నడిపే టిఫిన్ హోటలుకు వచ్చి ప్రశ్నల కాగితాలు పంచింది. పేరు రాయనక్కర్లేదంది.

సాయంత్రం శ్రీలేఖ అన్నీ చదివాక పిన్ని ఊరుకోలేదు.

“ఏం రాశారే మనవాళ్లు?”

“ఒకరు పని మానేసే ఆలోచనలో ఉన్నారు పిన్నీ. ఒక్క పూట సెలవు లేదు, మంచి మాట అంతకన్నా లేదు అని రాశారు.”

“ఎవరది?”

“చెప్పను. మాటిచ్చా.” శ్రీలేఖ కాగితాలు సంచిలో పెట్టేసింది.

మహాలక్ష్మమ్మకు దోసెలు వేసే కాలేషా మీదే అనుమానం. అతని దోసె కోసం వినుకొండ రోడ్డు నుంచి కూడా వస్తారు. వీధి చివర ఇంకో హోటలు తెరుస్తున్నారు. అతను అటు వెళ్తే ఇక్కడ పెనం చల్లారినట్టే.

మర్నాడు పెనం పక్కన స్టూలు వేయించింది.

“గిరాకీ లేనప్పుడు కూర్చో కాలేషా.”

అతను స్టూలు వంక, ఆమె వంక చూశాడు. “ఏందమ్మా, ఒంట్లో బాగుందా?”

కాలేషా కాకపోతేనో? పిండి రుబ్బే కోటమ్మకు ఆదివారాలు సెలవిచ్చింది. వడ్డించే ఫ్రాన్సిస్‌తో, “నువ్వు పెడితే జనం ఇంకో ఇడ్లీ అడుగుతున్నారయ్యా” అంది. అతను పళ్లెం జారవిడవబోయి పట్టుకున్నాడు. నాలుగు రోజులయ్యేసరికి వంటింట్లో నవ్వులు రోడ్డు మీదికి వినిపిస్తున్నాయి. అందులో తన నవ్వూ ఉందని ఆమె గమనించుకోలేదు.

శనివారం శ్రీలేఖ ప్రయాణమైంది.

“ఇప్పుడైనా చెప్పవే. ఆ మనిషి ఉంటాడా, పోతాడా?”

కౌంటర్లోంచి భర్త నాగభూషణరావు గొంతు వినిపించింది. “ఇంకా ఆలోచిస్తన్నాడు. వాడి దాకా సెలవు రాలా.”

మహాలక్ష్మమ్మ వెనక్కి తిరిగింది. “మీరా?”

“మీ పిల్ల నాక్కూడా కాగితం ఇచ్చింది. ఇరవై రెండేళ్ల నించి ఈ కుర్చీలో కూర్చుంటన్నా. నేను పనివాణ్ణి కానా ఏంది?”

కాలేషా నవ్వాపుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు. పెనం మీద దోసె మాడింది.

“మానేసి ఎక్కడికి పోతారంట?”

“ఎత్తిపోతల జలపాతానికి. పెళ్లయిన కొత్తలో తీసుకుపోతానన్నా, గుర్తుందా? బుధవారం పొద్దున్నే మాచర్ల బస్సెక్కుదాం.”

“ఇద్దరం పోతే కౌంటర్లో ఎవరు కూర్చుంటారు?”

“నేను కూర్చుంటాలే అక్కా,” అంది కోటమ్మ రోలు దగ్గర్నుంచే. “బావగారి మాదిరి కునికిపాట్లు పడనులే.”

మహాలక్ష్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. రెండుసార్లు తుడుచుకుంది.

“సెలవు సరే. మంచి మాట కూడా లేదని రాశారుగా,” అంది, మాడిన దోసెను పెనం మీంచి తీస్తూ. “అది బస్సులో చెప్తాలెండి.”